మేనమామకు చోటులేని యిల్లు: వొక ఫ్రెంచి హాస్యచిత్రం, దాని కాలం

ఫ్రెంచి భాషలో "ఓంక్ల్" అన్నది వొకటే మాట. తండ్రి అన్నదమ్ములకూ, తల్లి అన్నదమ్ములకూ, మేనత్త భర్తకూ, పినతల్లి భర్తకూ ఆ వొక్క మాటే చాలుతుంది. మనకు చాలదు. పెదనాన్నను పట్టుకొని మామయ్యా అంటే పంక్తిలో వున్నవాళ్లంతా నవ్వుతారు. అందుచేత జాక్ తాతీ 1958లో తీసిన "మోన్ ఓంక్ల్" అనే సినిమా పేరును తెలుగు చేయాలంటే ముందు కథలోకి పోయి, ఆ మనిషి పిల్లవాడికి యేవైపు చుట్టమో విచారించుకోవాలి. విచారిస్తే తేలేదేమంటే, అతడు తల్లికి తోడబుట్టినవాడు. కనుక మేనమామ. మన యిళ్లలో మేనమామకు హక్కుగా వచ్చే చోటు వొకటి వున్నది. చెవులు కుట్టేటప్పుడు పిల్లను వొళ్లో కూర్చోబెట్టుకొనేది ఆయనే. పెళ్లిలో బుట్టలో మోసుకొని వచ్చేదీ ఆయనే. యీ సినిమాలో మేనమామ పేరు ఉలో. తోబుట్టువు యింట్లో అతడికి నడుం వాల్చటానికి కూడా చోటు లేదు. కొత్త ఫ్యాషను సోఫా వొకటి వున్నదిగాని దాని మీద పడుకోవటం యే మనిషికీ సాధ్యం కాదు. దాన్ని పక్కకు పడదోసి, ఆ వంపులో వొదిగి నిద్రపోతాడు.

యీ చిత్రానికి ఆ యేడే కాన్ ఉత్సవంలో న్యాయనిర్ణేతల ప్రత్యేక బహుమతి వచ్చింది. (మొదటి బహుమతి ఆ సంవత్సరం సోవియెట్ చిత్రానికి, కలతోజోవ్ తీసిన "కొంగలు యెగురుతున్నవి" అన్నదానికి పోయింది.) 1959లో ఉత్తమ విదేశీ చిత్రమని అమెరికావాళ్లు ఆస్కారు యిచ్చారు. బహుమతుల సంగతి యింతటితో చాలు. బహుమానం పొందిన హాస్యచిత్రాన్ని మనవాళ్లు చూసే పద్ధతి వొకటి వున్నది: నవ్వుతారు, యెంత నాజూకుగా తీశాడని మెచ్చుకొంటారు, మరచిపోతారు. నేను దీన్ని చరిత్రపత్రంగా చదవదలిచాను. 1945కూ 1958కీ నడుమ ఫ్రాన్సులో యిళ్లకేమయింది, ఆ యిళ్లలో మనుషులకేమయింది, ఆ యిళ్లు కట్టినవాళ్లెవరు అనే మూడు ప్రశ్నలు పట్టుకొని చూస్తే, మొదటి రెండింటికీ యీ సినిమా వొళ్లు దాచుకోకుండా జవాబు చెప్తుంది. మూడవదానికి నోరు మెదపదు, వొక్కచోట తప్ప. ఆ వొక్కచోటు సంగతి ముందు ముందు చెప్తాను.

ముందు ఆ యిల్లు చూడండి. బావ ఆర్పెల్ ప్లాస్టిక్ గొట్టాలు చేసే ఫాక్టరీలో పెద్ద అధికారి. యిల్లు తెల్లటి పెట్టెలు వొకదానిమీదొకటి పేర్చినట్లుంటుంది. తోటలో మొక్కకంటె గులకరాయి యెక్కువ. కాలిబాట యెందుకో పామువలె మెలికలు తిరిగి వుంటుంది. వచ్చిన అతిథి, యెదురు వెళ్లే యింటావిడ చేతులు చాచి వొకరినొకరు పలకరించుకొంటూ, బాట వంపు పుణ్యమా అని చెరొక దిక్కుకూ తిరిగి నడుస్తారు. మేడమీద రెండు గుండ్రటి కిటికీలు. రాత్రివేళ చప్పుడు విని దంపతులిద్దరూ చెరొక కిటికీలోనుంచి తొంగిచూస్తే, వాళ్ల తలలు రెండూ యింటికి కనుపాపలవుతాయి. యిల్లే కళ్లు తెరిచి వీధిని అనుమానంగా చూస్తున్నట్లుంటుంది. చిత్రకారుడు జాక్ లగ్రాంజ్, తాతీ కలిసి దీన్ని వూహించారు. నీస్ పట్నంలోని విక్తొరీన్ స్టూడియోలో కట్టి, సినిమా అయిపోగానే పడగొట్టారు.

యింటి ముంగిట్లో నిలువుగా నిలబెట్టిన రేకు చేప వొకటి వున్నది. దాని నోట్లోనుంచి నీళ్లు చిమ్ముతాయి. యెప్పుడూ చిమ్మవు. గేటు గంట మోగగానే యింటావిడ మీట నొక్కుతుంది, నీళ్లు లేస్తాయి. వచ్చినవాడు సరుకులబ్బాయి అని తెలిస్తే కట్టేస్తుంది. సొంత తోబుట్టువు వస్తే కూడా కట్టేస్తుంది. వర్గభేదాన్ని గురించి మనం పేజీలకు పేజీలు రాస్తాం. తాతీ వొక నీటి మీటతో సరిపెట్టాడు. ఆ మీట యెప్పుడు తెరుస్తారో, యెప్పుడు మూస్తారో గమనించిన ప్రేక్షకుడికి ఆర్పెల్ కుటుంబం యెవరిని మనుషుల కింద లెక్కవేస్తుందో వేరే చెప్పనక్కరలేదు. యెంత యంత్రసామగ్రి తెచ్చుకొన్నా ఆ యింట్లో పనిమనిషి మాత్రం పోలేదని కూడా గమనించాలి. గారేజీకి కొత్తగా బిగించిన తలుపు, కిరణానికి యేదైనా అడ్డం వస్తే తనంతట తాను మూసుకొంటుంది. యింటి కుక్క అడ్డం వస్తుంది. దొర, దొరసాని లోపల చిక్కుకొంటారు. పనిమనిషిని పిలిచి ఆ కిరణం ముందు నిలబడమంటారు. ఆమెకు కరెంటంటే భయం. ఆమె భయాన్ని చూసి మనం నవ్వుతాం. బోనులో పడినవాళ్లను చూసి అంతకంటె యెక్కువగా నవ్వుతాం.

ఉలో వుండేది పాతపేటలో. పారిస్‌కు ఆనుకొని వున్న సేన్-మోర్‌లో ఆ భాగం తీశారు. వంకరటింకర మేడ, పైగదికి చేరాలంటే యెక్కి, దిగి, వొకరి గుమ్మం ముందునుంచి పోయి, మళ్లీ యెక్కాలి. మనకు అతడి కాళ్లు వొక కిటికీలో, టోపీ యింకొక కిటికీలో కనిపిస్తుంటాయి. కింద సంత. వీధి ఊడ్చేవాడు చీపురు పట్టుకొని నిలబడి వచ్చేపోయేవాళ్లతో మాట్లాడుతుంటాడు. ఊడ్చేదాకా కబుర్లు తెమలవు. కిటికీ రెక్కను కొంచెం జరిపితే యెదుటి పంజరంలోని పిట్టమీద యెండ పడి అది పాడుతుందని ఉలోకు తెలుసు, జరుపుతాడు. యీ పనులకు జీతం లేదు, ప్రయోజనమూ లేదు. మేనల్లుడు జెరార్‌కు యీ పేటే స్వర్గం. తండ్రి కారులో బడికి పోయే పిల్లవాడు, మామ వెంట మోటారు సైకిలు వెనక కూర్చొని వచ్చి, బంజరుస్థలంలో మురికిచేతుల మనిషి వేయించి యిచ్చే తీపి రొట్టెలు తింటాడు.

యిక్కడ వొక సంగతి మనవి చేయాలి. మన హాస్యం నోటిమీద నడుస్తుంది. గిరీశం నోరు మూయిస్తే గిరీశమే లేడు. తరగతిలో కన్యాశుల్కం చెప్పే నాబోటివాడికి, నాయకుడు దాదాపు నోరు విప్పని యీ సినిమా మొదట్లో కొంచెం యిబ్బందిగానే తోచింది. యిందులో మాటలు వున్నవిగాని అవి చప్పుళ్లలో కలిసిపోయి వస్తాయి. చెప్పుల మడమలు గచ్చుమీద టకటకమనటం, వంటింటి యంత్రాలు బుస్సుమనటం, చేప నోటి గురక, వీటికి యిచ్చిన విలువే మాటలకూ యిచ్చాడు. చప్పుళ్లన్నీ తర్వాత విడిగా తయారుచేసి అతికించినవి. ఆర్పెల్ దంపతుల మాటల్లో ఆ యంత్రాల మోతకు మించిన సారం లేదని వినిపించటానికి యింతకంటె మంచి పద్ధతి నాకు తోచదు.

యిప్పుడు చరిత్రలోకి వస్తాను. యుద్ధం ముగిసేసరికి ఫ్రాన్సులో యిళ్లు కూలిపోయి వున్నవి. నిలబడ్డవి పాతబడి వున్నవి. జాఁ మొనే పేరుమీద నడిచిన మొదటి ప్రణాళిక బొగ్గుకూ, విద్యుత్తుకూ, ఉక్కుకూ, సిమెంటుకూ, రైళ్లకూ, వ్యవసాయ యంత్రాలకూ ముందుచోటు యిచ్చింది. యిల్లు వెనకబడింది. 1954 చలికాలంలో పారిస్ వీధిలో వొక స్త్రీ గడ్డకట్టి చనిపోయింది. ఆమె చేతిలో యిల్లు ఖాళీ చేయమన్న కాగితం వున్నది. ఫిబ్రవరి 1న అబ్బే ప్యేర్ అనే మతాచార్యుడు రేడియోలో చేసిన విన్నపానికి దేశమంతా కదిలింది. ఆ తర్వాతే పెద్ద యెత్తున గృహనిర్మాణం సాగింది. సార్సెల్‌వంటి చోట్ల బీళ్లలో వరుసలు వరుసలుగా కాంక్రీటు యిళ్లు లేచాయి. అదే సంవత్సరాల్లో పారిస్‌లో గృహోపకరణాల ప్రదర్శనకు యేటా లక్షలాది జనం పోయి, కొనలేని ఫ్రిజ్జులనూ బట్టలుతికే యంత్రాలనూ కళ్లారా చూసి వచ్చేవాళ్లు. 1955లో సిట్రోయెన్ కంపెనీ కొత్త కారు బయటపెడితే దేవతావిగ్రహాన్ని చూసినట్లు చూశారు. బోరిస్ వియాఁ 1956లో యీ సామాన్ల వ్యామోహాన్ని వెక్కిరిస్తూ పాట కట్టాడు. రొలాఁ బార్త్ 1957లో ప్లాస్టిక్‌ను గురించీ, ఆ కారును గురించీ వ్యాసాలున్న పుస్తకం వేశాడు. కనుక తాతీ వొంటరిగా కలగన్నది యేమీ లేదు. దేశమంతా చూస్తున్నదాన్నే చూశాడు.

అయితే యెక్కడ నిలబడి చూశాడు? తాతీ తాత రష్యను ప్రభువంశీకుడు. తాతిషెఫ్ అన్న యింటిపేరు తెగి తాతీ అయింది. యింట్లో వ్యాపారం పటాలకు చట్రాలు కట్టటం. 1907లో పుట్టిన యితడు ఆ పని వదిలి, టెన్నిసు ఆటగాళ్లనూ బాక్సర్లనూ అనుకరిస్తూ రంగస్థలం యెక్కాడు. అంటే చేతిపనీ, చిన్నకొట్టూ తెలిసిన యింట పుట్టినవాడు. 1950లలో ఫ్రాన్సులో చితికిపోతున్నది ఆ తరగతే. ఆ తరగతి కోపానికి వొక రాజకీయపార్టీ కూడా వెలిసింది. 1953లో కాగితాలూ పుస్తకాలూ అమ్ముకొనే ప్యేర్ పుజాద్ అనే దుకాణదారు పన్నుల మీద తిరుగుబాటు లేవదీశాడు. 1956 జనవరి యెన్నికల్లో అతడి మనుషులు యాభైమందికి పైగా పార్లమెంటులో కూర్చొన్నారు. వాళ్లలో వొకడు జాఁ-మరీ ల పెన్. చిన్నకొట్టు మీది ప్రేమ యెంత తియ్యగా మొదలై యెక్కడికి పోగలదో చెప్పటానికి ఆ వొక్క పేరు చాలు. తాతీ పుజాద్ మనిషి కాడు. అతడి పాతపేటలో పరాయివాళ్లమీద ద్వేషం లేదు, యెవడూ యెవడిమీదా విరుచుకుపడడు. కాని పాతదంతా మంచిది, కొత్తదంతా బోలు అనే తూనిక సినిమాలో వున్న మాట నిజం. అభ్యుదయవాదులమైన మనం ఆ తూనికను కళ్లు మూసుకొని వొప్పుకోకూడదు.

నేను పాఠం చెప్పే కాలేజీలో యీ సినిమాను వొకసారి పిల్లలకు చూపించాను. అందరూ నవ్వారు. చివర వొక అమ్మాయి లేచి, "సార్, ఆ మామయ్య వుండే మేడలో కుళాయి యెక్కడుంది?" అని అడిగింది. ఆమెది బిందె పట్టుకొని వరుసలో నిలబడిన వూరు. ఆ ప్రశ్నకు సినిమాలో జవాబు లేదు, చరిత్రలో వున్నది. 1954 జనాభా లెక్కల ప్రకారం ఫ్రాన్సులో నూటికి అరవై యిళ్లకు కూడా లోపల నీళ్లు లేవు. మరుగుదొడ్డి లోపల వున్న యిళ్లు సుమారు నాలుగోవంతు. స్నానపు తొట్టెగాని, జల్లుగాని వున్నవి పదింట వొకటి. ఉలో యెక్కి దిగే ఆ వంకర మెట్లను చూసి మనం ముచ్చటపడతాం. ఆ మెట్లమీద నీళ్లబకెట్టు మోసిన ఆడమనిషి ముచ్చటపడి వుండదు. ఆమెకు ఆర్పెల్ వంటిల్లు చూపిస్తే వెక్కిరించదు, యెప్పుడిస్తారని అడుగుతుంది. తాతీ యీ ఆడమనిషిని తన పేటలో యెక్కడా చూపలేదు. సంతలో కూరగాయలు బేరమాడే ఆడవాళ్లు వున్నారు, నీళ్లు మోసేవాళ్లు లేరు. హాస్యానికి యింపుగా వున్నంతవరకే పేదరికాన్ని తీసుకొన్నాడు.

యిదంతా చెప్పి సినిమాను కొట్టిపారేసే విమర్శకులతో మాత్రం నేను యేకీభవించలేను. యెందుకంటే తాతీ కోపం కుళాయిమీద కాదు. ఆర్పెల్ యింట్లో నీళ్లకు కొదవలేదు. వాటిని అతిథి హోదాను బట్టి వదలటం మీదనే అతడి యెగతాళి. వంటింట్లో కూజా కిందపడితే పగలకుండా బంతిలా యెగురుతుంది. ఉలో అది చూసి చిన్నపిల్లవాడిలా సంబరపడతాడు, మళ్లీ పడేస్తాడు. యంత్రాన్ని ద్వేషించేవాడి చేష్టలు కావవి. ఆ తర్వాత గాజుగ్లాసు కూడా యెగురుతుందనుకొని పడేసి పగలగొడతాడనుకోండి, అది వేరే సంగతి.

ఫాక్టరీ భాగమూ అంతే. బావమరిదికి వుద్యోగం యిప్పించి దారిలో పెడదామని ఆర్పెల్ అతణ్ణి గొట్టాల యంత్రం దగ్గర నిలబెడతాడు. ఉలో కునుకు తీస్తాడు. గొట్టం సాఫీగా రావలసింది ఉబ్బెత్తులు ఉబ్బెత్తులుగా, మాంసపు వడియాల దండలాగా వస్తుంది. తప్పుడు సరుకును దొరకు తెలియకుండా చీకట్లో మాయం చేయటానికి కార్మికులు పడే తంటాలు చూడాలి. అధికారి కుక్క ముందుగా పరుగెత్తుకొని లోపలికి వస్తుంది. దాన్ని చూడగానే దొర వస్తున్నాడని అందరూ పనిలో పడతారు. సమ్మె లేదు, సంఘం లేదు. రెనో కార్ల ఫాక్టరీలో ఆ రోజుల్లో వున్న శ్రామికోద్యమం జాడ లేదు. దీన్ని లోపమనే అంటాను. అయినా పనిచేసేవాళ్లు తమలోతాము వొకరినొకరు కాపాడుకోవటం వున్నది, అదీ వుపన్యాసం లేకుండా.

యిక నేను ముందు చెప్పిన ఆ వొక్కచోటు. ఆర్పెల్ యింటి పక్కన వొకావిడ వుంటుంది, బాగా కలిగినావిడ, వేషాలు విచిత్రంగా వేసుకొంటుంది. వొకరోజు రంగురంగుల బట్ట భుజాలమీద కప్పుకొని గేటు దగ్గరకు వస్తుంది. యింటివాళ్లు ఆమెను తివాచీలమ్మేవాడనుకొని, మాకేమీ అక్కరలేదు పొమ్మంటారు. ప్రేక్షకులు ఘొల్లున నవ్వుతారు. ఆ రోజుల్లో ఫ్రాన్సు వీధుల్లో భుజాన తివాచీలు వేసుకొని యింటింటికీ తిరిగేదెవరు? ఉత్తర ఆఫ్రికా మనిషి. ముఖ్యంగా అల్జీరియావాడు. ఫ్రెంచి ప్రేక్షకుడికి యీ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. చూపును బట్టి "పొమ్మనటం" తెలిసిపోతుంది. సినిమా మొత్తంమీద అల్జీరియా కనిపించేది యిక్కడే, అదీ మనిషిగా రాదు, పొరపాటున వొకరి వొంటిమీది బట్టగా వస్తుంది.

సినిమా పారిస్‌లో విడుదలైంది 1958 మే నెలలో. అదే నెల 13న అల్జీర్స్‌లో సైనికులూ వలసదార్లూ తిరగబడ్డారు. 1954 నవంబరు నుంచి నడుస్తున్న స్వాతంత్ర్యయుద్ధం ఫ్రెంచి నాల్గవ రిపబ్లిక్కును కూల్చింది. జూన్ మొదటికల్లా డిగాల్ గద్దె యెక్కాడు. ఆ యుద్ధం జరుగుతున్నంతకాలమూ పారిస్ చుట్టూ కొత్త యిళ్లు లేస్తూనే వున్నవి. వాటికి సిమెంటు కలిపినవాళ్లలో, రోడ్లు తవ్వినవాళ్లలో, రెనో ఫాక్టరీలో బరువుపనులు చేసినవాళ్లలో అల్జీరియావాళ్లు చాలామంది వున్నారు. వాళ్లు కాపురమున్నది కొత్త యిళ్లలో కాదు, ఉలో పాతపేటలోనూ కాదు. నాంతేర్‌లో రేకులూ అట్టలూ కప్పుకొన్న గుడిసెల్లో, బురదలో, వీధి చివర వొక కుళాయి దగ్గర. 1961 అక్టోబరు 17న వాళ్లు శాంతియుతంగా పారిస్ నడివీధుల్లోకి ప్రదర్శనగా వస్తే పోలీసులు కాల్చారు, కొట్టారు, సేన్ నదిలోకి తోశారు. క్రిస్టిన్ రాస్ అనే అమెరికను విదుషి 1995లో ప్రచురించిన పుస్తకంలో, ఫ్రాన్సు లోపల తళతళలాడిన వంటింటినీ, అల్జీరియాలో నడిచిన యుద్ధాన్నీ వొకే చరిత్రగా చదవాలని వాదించింది. ఆ వాదం నాకు సమ్మతం. తాతీ సినిమా పాతదనానికీ కొత్తదనానికీ నడుమ జరిగే తగాదాగా కథను కట్టుకొన్నది. ఆ రెండిటికీ బయట, గేటు అవతల నిలబడ్డ మూడవవాడు వున్నాడు. అతణ్ణి యెవరూ లోపలికి రానివ్వలేదు, దర్శకుడు కూడా.

అయినా గేటు దగ్గర ఆ దృశ్యం సినిమాలో వున్నది. యెగతాళి పడేది తరిమినవాళ్లమీదనే. చూసేవాడి చూపులో వున్న దోషాన్ని చూపించిన మేరకు తాతీ నిజాయితీపరుడు. మన సాహిత్యంలోనూ హాస్యం పేరుతో పల్లెటూరివాణ్ణి, పనివాణ్ణి, పరభాషవాణ్ణి వెక్కిరించిన రచనలు తక్కువ లేవు. వాటిలో నవ్వు కిందివాడి మీద పడుతుంది. యిందులో పడదు. యీ తేడాను తక్కువగా లెక్కకట్టకూడదు.

తర్వాత సంగతి క్లుప్తంగా. 1967లో వచ్చిన "ప్లేటైమ్" అనే చిత్రం కోసం తాతీ పారిస్ శివారులో వొక పట్నాన్నే కట్టించాడు. అందులో పాతపేట అసలే లేదు. పాత పారిస్ అద్దాల తలుపుల్లో నీడగా మాత్రం మెరిసి పోతుంది. దాని అప్పులు తాతీని దివాలా తీయించాయి, తన సినిమాలమీద తనకే హక్కు లేకుండా పోయింది. 1982లో చనిపోయాడు. కొత్త కట్టడాలను నవ్వినవాడు కొత్త కట్టడం కిందనే నలిగాడని కొందరు చమత్కరిస్తారు. నాకు ఆ చమత్కారం రుచించదు; అప్పు యిచ్చినవాళ్లు నవ్వుకోవలసిన మాట అది.

"మోన్ ఓంక్ల్" చివరలో, కొడుకు మామకు మరీ దగ్గరవుతున్నాడని ఆర్పెల్ కడుపుమంటతో బావమరిదిని దూరప్రాంతానికి పంపించేస్తాడు. విమానాశ్రయంలో జనంలో కలిసిపోతున్న ఉలోను పిలవటానికి ఈలవేస్తాడు. యింకెవడో వెనక్కు తిరిగి, స్తంభానికి గుద్దుకొంటాడు. పాతపేట పిల్లలు సరదాకు వేసే యెత్తు సరిగ్గా యిదే. జెరార్ ఆశ్చర్యపోయి తండ్రి చేయి పట్టుకొంటాడు. తండ్రి కొడుకులకు యిన్నాళ్లకు కుదిరింది, మేనమామ వెళ్లిపోయిన తర్వాత. చాలామంది విమర్శకులు యిక్కడికి కళ్లు తుడుచుకొని వూరుకొంటారు. నేను మాత్రం దానికి కొంచెం ముందు కనిపించే పాతపేట వైపు చూడమంటాను. అక్కడ గోడలు పడగొడుతున్నారు. సినిమా మొదటి పేర్లు కూడా కట్టడం పనులదగ్గర పాతిన బోర్డులమీదనే, తవ్వకపు యంత్రాల మోతలోనే వస్తాయి. ఆ పలుగులు పట్టిన మనుషులెవరో, సాయంత్రం పని దిగి యే గుడిసెకు పోతారో కెమేరా అడగదు. గోడ కూలిన దుమ్ము లేస్తుంది, కుక్కలు పాతదారినే పరుగెత్తుతాయి.